శంషాబాద్ నుంచి తిరుపతికి విమానంలో ఎంతసేపు?

మహబూబ్‌నగర్ నుంచి అమ్మానాన్నలను తిరుపతికి విమానంలో తీసుకెళ్తే ఎంతసేపు పడుతుందని అడిగారు. మన జిల్లాలో విమానాశ్రయం లేదు కాబట్టి శంషాబాద్ వెళ్లాల్సిందే. అక్కడి నుంచి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట ఆకాశమార్గంలో సుమారు 420 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా పావు అటూఇటుగా కనిపిస్తుంది. విమానం రన్‌వే దాకా మెల్లగా కదిలే సమయం, దిగాక ఆగే చోటికి చేరే సమయం కూడా అందులోనే కలిపేస్తారు. ఏటీఆర్ లాంటి, రెక్కలకు ఫ్యాన్లుండే చిన్న విమానమైతే జెట్ కంటే కాస్త నెమ్మది.

అసలు టైమంతా నేల మీదే పోతుంది. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్‌కు గంటన్నర పైనే, అక్కడ రెండు గంటల ముందు ఉండాలి, రేణిగుంట నుంచి ఊళ్లోకి మరో అరగంట. మొత్తం ఆరు గంటలు అనుకోండి. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చెయిర్ కావాలని బుకింగ్‌లోనే పెట్టండి. తొందర లేకపోతే నేనైతే మహబూబ్‌నగర్‌లోనే ఆగే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో కింది బెర్తులు తీసుకుంటాను.