తేనె డీఎన్‌ఏను కాపాడుతుందా?

ప్రశ్న: ముదురు రంగు తేనెలోని యాంటీఆక్సిడెంట్లు డీఎన్‌ఏ దెబ్బతినకుండా కాపాడతాయంటున్నారు. మధుమేహం ఉన్న మా నాన్నగారికి రోజూ ఇవ్వవచ్చా?

జవాబు: కణాల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఇనుముతో చర్య జరిపినప్పుడు పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (చుట్టూ ఉన్న అణువులను దెబ్బతీసే అతి చురుకైన పదార్థం), డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్‌ను 8-ఆక్సోగ్వానిన్ అనే దెబ్బతిన్న రూపంగా మారుస్తుంది, అది తన సరైన జోడీ అక్షరమైన సైటోసిన్‌కు బదులు మరో అక్షరమైన అడినిన్‌తో జతకట్టగలదు కనుక, కణం సకాలంలో సరిదిద్దుకోకపోతే ఉత్పరివర్తనకు, అంటే డీఎన్‌ఏలో నిలిచిపోయే మార్పుకు, దారితీయవచ్చు. తేనెలోని క్వెర్సెటిన్ వంటి ఫ్లేవనాయిడ్లు, ఫినాలిక్ ఆమ్లాలు అనే యాంటీఆక్సిడెంట్లు ప్రయోగశాలలో ఇలాంటి రాడికల్స్‌ను అణచివేస్తాయన్నది నిజమే; ముదురు తేనెల్లో ఇవి సాధారణంగా ఎక్కువే. అయితే పేగుల నుంచి రక్తంలోకి చేరేది స్వల్పం, అందులోనూ చాలా భాగం రూపం మారిపోతుంది. ఇక టేబుల్‌స్పూన్ తేనెలో సుమారు 17 గ్రాముల చక్కెర ఉంటుంది. కాబట్టి మీ నాన్నగారికి దీన్ని మందుగా ఇవ్వడం నా దృష్టిలో సరికాదు. క్వెర్సెటిన్ కావాలనుకుంటే కూరలో వేసే ఉల్లిపాయలోనే పుష్కలంగా ఉంది.