వేడెక్కాక ఆగిపోతున్న కాంటెస్సా: ముందు ట్యాంకు మూత తిప్పి చూడండి

అన్నయ్యా, ఐదేళ్లు షెడ్డులో ఉన్న పాత కాంటెస్సా 1.8 పెట్రోలు కారు కొన్నారు, శ్రీకాకుళంలో బయల్దేరితే రణస్థలం చేరేలోపే ఆగిపోతోంది, అరగంట చల్లారితే మళ్లీ స్టార్టవుతోంది అన్నారు. మెకానిక్ ఇంజిన్ విప్పుదామంటే ఇప్పుడే ఒప్పుకోకండి.

ఈసారి బండి ఆగగానే పెట్రోలు ట్యాంకు మూత తిప్పండి. గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు గట్టిగా వస్తే, ట్యాంకులోకి గాలి వెళ్లే దారి పూడుకుపోయి, ఇంజిన్‌కు పెట్రోలు అందనట్టే. చప్పుడు లేకపోతే, ఇంజిన్ వేడిగా ఉండగానే మెకానిక్ చేత ప్లగ్గుకు నిప్పురవ్వ వస్తోందో లేదో చూపించండి. రాకపోతే నా అనుమానం ప్లగ్గుకు కరెంటు పంపే ఇగ్నిషన్ కాయిల్ మీదే. వేడికి పని మానేసి, చల్లారాక మామూలైపోతుంది. రవ్వ బాగుంటే పెట్రోలు ఫిల్టరు విప్పండి. ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే ట్యాంకు దింపి కడిగించాల్సిందే. విజయనగరంలో నా పాత బండికి ఇదే జరిగింది. మూడు ఫిల్టర్లు మార్చినా తగ్గలేదు, ట్యాంకు కడిగించాకే దారికొచ్చింది.

పెట్రోలు రబ్బరు పైపులన్నీ ఇప్పుడే మార్చేయండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. వేడి ఇంజిన్ మీద చుక్క కారినా మంట అంటుకోవచ్చు, ఇందులో మాత్రం ఖర్చుకు వెనకాడొద్దు.

బ్రేక్ ఆయిల్ కూడా కొత్తది పోయించండి. టైరు మీద తయారీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2316 అంటే 2016లో 23వ వారం. అంత పాతవైతే గాడులు బాగున్నా హైవే ఎక్కకండి.

మూత తిప్పినప్పుడు ఏమైందో రాయండి, మిగతాది అప్పుడు చూద్దాం.