మాస్ స్పెక్‌లో పీహెచ్‌డీ చేయొచ్చా? మెట్‌ఫార్మిన్‌లో ఆ 75 ఎవరిది?

ప్రశ్న: ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయింది, జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వచ్చింది. ఒక మాస్ స్పెక్ట్రోమెట్రీ (అణువులకు విద్యుదావేశం ఎక్కించి, అయాన్లుగా మార్చి తూచే పద్ధతి) ల్యాబ్‌లో సీటు ఇస్తామంటున్నారు. సీనియర్లేమో "అది మిషన్ ఆపరేటర్ పని, సింథసిస్‌కే (కొత్త అణువుల తయారీకే) వెళ్లు" అంటున్నారు. ఏం చేయమంటారు?
– పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ సీనియర్ల మాటలో సగం నిజముంది. అందరి శాంపిల్సూ తీసుకుని రిపోర్టులు ప్రింటు తీసిచ్చే ల్యాబ్‌లో చేరితే, అయిదేళ్ల తర్వాత మీకు బాగా వచ్చేది ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే. అందుకే చేరే ముందు ఆ గైడ్ ఈమధ్య వేసిన పేపర్లు నాలుగు తిరగేయండి. అయాన్ ఎలా పుట్టింది, ఎందుకు అక్కడే విరిగింది అన్న ప్రశ్న వాటిలో కనిపిస్తే చేరిపోవచ్చు. వేరేవాళ్ల కాంపౌండ్లకు మాస్ తీసిచ్చి పేరు కలిపించుకున్న పేపర్లే అయితే సింథసిస్సే నయం.

ఆ తేడా ఏమిటో ఒక చిన్న కీటోన్ మీద చూడండి. 2-పెంటనోన్ మాస్ 86. 70 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర అయనైజ్ చేస్తే 43 పెద్ద పీక్‌గా వస్తుంది, దాంతోపాటు 71, 58 కూడా. కార్బొనిల్‌కు (కార్బన్-ఆక్సిజన్ జంటకు) ఒక పక్క బంధం తెగితే 43, రెండో పక్కది తెగితే 71. అందులో తిరకాసేమీ లేదు. తిరకాసంతా 58తోనే. 86లోంచి 28 పోయింది సరే, ఆ పోయింది కార్బన్ మోనాక్సైడా, ఎథిలీనా? ఎథిలీన్ పోతే మిగిలేది 58.0419, కార్బన్ మోనాక్సైడ్ పోతే 58.0783. ఈ రెండింటినీ విడదీయడానికి 1,600 రిజల్యూషన్ (దగ్గరి మాస్‌లను విడదీసే సామర్థ్యం) చాలు. తీస్తే 58.0419 వస్తుంది, అంటే పోయింది ఎథిలీనే.

ఆపరేటర్ పని ఇక్కడితో అయిపోతుంది, కెమిస్ట్ పని ఇక్కడే మొదలవుతుంది. ఎథిలీన్ ఊడాలంటే ఒక హైడ్రోజన్ చోటు మారాలి. అది ఎక్కడిది? ఎంత కచ్చితమైన మాస్ అయినా ఈ సంగతి చెప్పలేదు, డ్యుటీరియం (మాస్ 2 ఉన్న హైడ్రోజన్) పెట్టి చూడాల్సిందే. కీటోన్‌ను భారజలంలో (డ్యుటీరియం ఉన్న నీటిలో) కాస్త బేస్ వేసి వేడిచేసి, నీరు మార్చి ఇదే రెండు మూడుసార్లు చేస్తే కార్బొనిల్ పక్కనున్న అయిదు హైడ్రోజన్లూ మారతాయి. 86 కాస్తా 91 అవుతుంది, 58 కాస్తా 63 అవుతుంది. పోయింది మాత్రం ఇప్పటికీ 28. అంటే ఆ అయిదింటిలో ఒక్కటీ ఎథిలీన్‌తో వెళ్లలేదు. తర్వాత గొలుసు చివరి మిథైల్‌లో మూడూ డ్యుటీరియంలే ఉన్న కీటోన్ కావాలి. దాని మాస్ 89. ఈసారి వచ్చేది 59. ఒక డ్యుటీరియం ఆక్సిజన్ మీదికి ఎక్కింది, మిగతా రెండూ 30 మాస్ ఉన్న ఎథిలీన్‌తో పోయాయి. ఆరు పరమాణువుల వలయం గుండా గామా హైడ్రోజన్ (కార్బొనిల్ నుంచి మూడో కార్బన్ మీదిది) కదులుతుందని తేలింది. మెక్‌లాఫర్టీ రీఅరేంజ్‌మెంట్ అని మీరు పరీక్షలో రాసింది ఇదే.

ఈ ప్రయోగంలో చేయి జారేది ఒకచోట. బేస్ ఆనవాలు మిగిలినా, ఇంజెక్టర్ గోడల మీద మామూలు తేమ ఉన్నా డ్యుటీరియం వెనక్కి మారిపోతుంది. 91 పక్కన 90, 89 లేస్తాయి. వాటిని కొత్త అయాన్లనుకుని మెకానిజమ్‌లు రాసేస్తారు. కాబట్టి పొడి ద్రావణిలోకి తీసుకోండి, శాంపిల్‌కు ముందు రెండు మూడుసార్లు భారజలమే ఎక్కించండి. ఇంకో సంగతి: ఆ చివరి మిథైల్ లేబుల్ ఉన్న కీటోన్‌ను మీరే తయారుచేసుకోవాలి. మీ సింథసిస్ చదువు ఎక్కడికీ పోదు.

ఇలాంటి ప్రశ్నలతో కెరీర్ ఎంత దూరం వెళ్తుందంటే, ఫ్రెడ్ మెక్‌లాఫర్టీనే చూడండి. 1950ల్లో అమెరికాలోని డౌ కెమికల్‌లో పారిశ్రామిక కెమిస్ట్. 1956లో అక్కడే రోలాండ్ గోల్కేతో కలిసి గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌ను (మిశ్రమాన్ని విడదీసే పరికరాన్ని) మాస్ స్పెక్ట్రోమీటర్‌కు తగిలించి నడిపారు. తర్వాత పర్‌డ్యూ, 1968 నుంచి కార్నెల్. 1998లో ఆయన బృందం నుంచే ప్రోటీన్ అయాన్లకు ఎలక్ట్రాన్ పట్టించి విరగ్గొట్టే పద్ధతి వచ్చింది. పెంటనోన్ అయినా ప్రోటీన్ అయినా అడిగింది ఒకటే: బంధం ఇక్కడే ఎందుకు తెగింది?

మన దగ్గర హైదరాబాద్ ఐఐసీటీ (భారతీయ రసాయన సాంకేతిక సంస్థ)లో మాస్ స్పెక్ట్రోమెట్రీ పరిశోధన ఎన్నో ఏళ్లుగా సాగుతోంది. ఎక్కడ చేరినా మొదటి ఏడాదిలోనే పంప్ ఆయిల్ మార్చడం, సోర్స్ విప్పి శుభ్రం చేయడం, ట్యూనింగ్ మీ చేత్తో మీరు చేసుకోండి. దాంతోపాటు ట్రాన్సిషన్ స్టేట్‌ల (బంధం తెగే మధ్య దశల) శక్తి లెక్కగట్టే క్వాంటమ్ కెమిస్ట్రీ ప్రోగ్రామ్ ఒకటి నేర్చుకోండి. ఇప్పుడు లెక్కలు లేకుండా అయాన్ కెమిస్ట్రీ పేపర్ నిలబడటం కష్టం.

ప్రశ్న: మధుమేహం మందు మెట్‌ఫార్మిన్‌లో ఎన్‌డీఎంఏ (క్యాన్సర్ ప్రమాదమున్న మలినం) పరీక్షిస్తున్నాం. మా ట్రిపుల్ క్వాడ్‌లో (తక్కువ రిజల్యూషన్ మాస్ స్పెక్ట్రోమీటర్‌లో) లిమిట్ దాటి వస్తోంది. హై రిజల్యూషన్ ఉన్న బయటి ల్యాబ్ లేదంటోంది. ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలికకు శాంపిల్‌లో కలిపే పదార్థం) కూడా వాడుతున్నాం. ఎవరిది ఒప్పు?
– క్యూసీ కెమిస్ట్, పటాన్‌చెరు

జవాబు: ముందు శాంపిల్‌లో డీఎంఎఫ్ (డైమిథైల్‌ఫార్మమైడ్ అనే ద్రావణి) ఎంత ఉందో చూడండి. ప్రోటాన్ పట్టిన ఎన్‌డీఎంఏ 75.0553 దగ్గర వస్తుంది. డీఎంఎఫ్ వచ్చేది 74.0600 దగ్గర, కానీ దాని ఐసోటోపులు 75లోనే దిగుతాయి: కార్బన్-13 ఉన్నది 75.0634, నైట్రోజన్-15 ఉన్నది 75.0571. ట్రిపుల్ క్వాడ్‌కు ఈ మూడూ ఒకటే 75.

చిన్న పీకే కదా అనుకోవద్దు. ఎన్‌డీఎంఏ రోజు పరిమితి 96 నానోగ్రాములు. మెట్‌ఫార్మిన్ గరిష్ఠ మోతాదు 2,550 మిల్లీగ్రాములతో భాగిస్తే 0.038 పీపీఎమ్ (పది లక్షల్లో వంతు). డీఎంఎఫ్‌కు అనుమతి 880 పీపీఎమ్ దాకా ఉంది. అందులో నైట్రోజన్-15 వాటా సుమారు 0.37 శాతం, అంటే 3 పీపీఎమ్ పైనే. రెండింటి రెస్పాన్స్ ఒకేలా ఉండదు నిజమే. అయినా తేడా ఎనభై రెట్లు! నిబంధనల ప్రకారం పూర్తిగా సరైన బ్యాచే ఫెయిల్ అయిపోవచ్చు. 2020లో అమెరికా ఎఫ్‌డీఏ శాస్త్రజ్ఞులు మెట్‌ఫార్మిన్‌లోనే ఈ డీఎంఎఫ్ చిక్కును చూపించారు.

డ్యుటీరియం ఉన్న ఇంటర్నల్ స్టాండర్డ్ దీన్ని పట్టుకోలేదు. అది రికవరీనీ సప్రెషన్‌నీ (సిగ్నల్ అణగడాన్నీ) సరిచేస్తుంది. పక్కవాడు వచ్చి 75లో కూర్చుంటే దానికి తెలియదు, దాని మాస్ వేరు.

శాంపిల్‌లో ఉన్నంత డీఎంఎఫ్‌ను విడిగా ఎక్కించి, ఎన్‌డీఎంఏ వచ్చే సమయంలో 75 ఛానెల్ చూడండి. పీక్ లేస్తే దొంగ దొరికినట్టే. పరిష్కారం క్రొమటోగ్రఫీలో ఉంది: రెండూ చిన్నవి, నీటివైపు మొగ్గేవి, తొందరగా బయటికొస్తాయి. గ్రేడియంట్‌ను తక్కువ మెథనాల్‌తో మొదలుపెట్టి కాసేపు అక్కడే ఉంచి, బేస్‌లైన్ దాకా విడదీయండి. ఒక్క ట్రాన్సిషన్‌తో (అయాన్, దాని ముక్క జంటతో) రిపోర్ట్ ఇవ్వొద్దు. రెండు తీసి, వాటి నిష్పత్తి స్టాండర్డ్‌తో సరిపోతోందా చూడండి.

బయటి ల్యాబ్‌నూ ఒక మాట అడగండి. నైట్రోజన్-15 పీక్‌ను విడదీయాలంటే 75 దగ్గర దాదాపు 42,000 రిజల్యూషన్ కావాలి. ఆర్బిట్రాప్ (ఒక హై రిజల్యూషన్ పరికరం)లో మాస్ 200 దగ్గర 60,000 పెడితే 75 దగ్గరికి వచ్చేసరికి 98,000 దాకా పెరుగుతుంది, దిగులు లేదు. టైమ్ ఆఫ్ ఫ్లైట్ పరికరం అయితే కింది మాస్‌లలో రిజల్యూషన్ తగ్గుతుంది. విడిపోని రెండు పీక్‌ల మధ్య సెంట్రాయిడ్ (పీక్ కేంద్రం) ఎటో జరుగుతుంది, అది విండోలోపలే పడిందంటే ఎన్‌డీఎంఏ అని లెక్క వచ్చేస్తుంది.

ప్రశ్న: మా కాంపౌండ్ మాస్ 350. ఎలక్ట్రోస్ప్రే (ద్రావణాన్ని చిమ్మి అయాన్లు చేసే పద్ధతి)లో 351 చిన్నగా, 373, 389 పెద్దగా వస్తున్నాయి. ఇంప్యూరిటీలా?
– రీసెర్చ్ అసోసియేట్, విశాఖపట్నం

జవాబు: కావు. 351 ప్రోటాన్ పట్టిన మీ అణువే. ప్రోటాన్ బదులు సోడియం పడితే 22, పొటాషియం పడితే 38 ఎక్కువ. గాజు సీసాలు, సబ్బుతో కడిగిన గ్లాస్‌వేర్, వేళ్ల చెమట, ఎవరో ముందురోజు వాడిన ఫాస్ఫేట్ బఫర్, వీటిలో ఏదో ఒకటి. మొబైల్ ఫేజ్ సీసాను సబ్బు తగలకుండా కడిగి, 0.1 శాతం ఫార్మిక్ ఆమ్లం గానీ 5 మిల్లీమోలార్ అమ్మోనియం ఫార్మేట్ గానీ వేయండి. ఎంఎస్/ఎంఎస్‌కు (అయాన్‌ను ఎంచి విరగ్గొట్టడానికి) 373 ఎంచుకోవద్దు. ఎంత కొట్టినా సోడియం ఊడి 23గా పోతుంది, స్కాన్ అంత కిందికి వెళ్లదు. స్పెక్ట్రమ్ ఖాళీగా కనిపించేది అందుకే. గాజు వద్దని చవక ప్లాస్టిక్‌కు మారితే 391 పలకరిస్తుంది, అది ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్.

ప్రశ్న: కెమికల్ అయనైజేషన్‌లో (వాయువు అయాన్లతో అణువును అయాన్ చేసే పద్ధతిలో) మీథేన్, ఐసోబ్యూటేన్, అమోనియా – ఏది ఎప్పుడు?
– కెమిస్ట్రీ లెక్చరర్, కాకినాడ

జవాబు: మన్సన్, ఫీల్డ్ 1966లో ఈ పద్ధతి ప్రకటించినప్పటి నుంచీ లెక్క ఒకటే, ప్రోటాన్ అఫినిటీ, అంటే ప్రోటాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది. మోల్‌కు కిలోజౌల్స్‌లో మీథేన్ 544, ఐసోబ్యూటీన్ (ఐసోబ్యూటేన్ అయాన్ ప్రోటాన్ ఇచ్చాక మిగిలేది) 802, ఎసిటోన్ 812, అమోనియా 854, పిరిడీన్ 930. ఎసిటోన్‌ను మీథేన్‌తో చేస్తే 268 మిగులు, దాంతో అణువు కొంత విరుగుతుంది. ఐసోబ్యూటేన్‌తో మిగులు 10, కాబట్టి దాదాపు 59 ఒక్కటే. అమోనియా తన ప్రోటాన్‌ను ఎసిటోన్‌కు ఇవ్వదు. అమోనియం అయానే వెళ్లి అతుక్కుని 76 ఇస్తుంది. పిరిడీన్‌కైతే ఇస్తుంది, 80 వస్తుంది. మిశ్రమంలో ప్రోటాన్ పట్టి ఎమీన్లు మాత్రమే కనబడాలంటే అమోనియాను మించింది లేదు. కాకపోతే పంప్ ఆయిల్‌ను, సోర్స్‌ను త్వరగా పాడుచేస్తుంది.

మీథేన్ వాడేటప్పుడు శాంపిల్‌కు ముందు 17, 29, 41 చూడండి. 19 లేస్తోందంటే గ్యాస్ లైన్‌లో నీరుంది. నీటి అఫినిటీ 691, మీథేన్ అయాన్ దగ్గర ప్రోటాన్ లాగేసుకుంటుంది, మీరు చేస్తున్నది ఇక నీటితో అయనైజేషనే.

ప్రశ్న: జీసీ-ఎంఎస్ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్ తగిలించిన మాస్ స్పెక్ట్రోమీటర్) ట్యూన్‌లో 28 బాగా ఎక్కువ. కాలమ్ కొత్తగా మార్చాం.
– ల్యాబ్ టెక్నీషియన్, తిరుపతి

జవాబు: 32 కూడా చూడండి. 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) దాదాపు నాలుగుకు ఒకటిగా ఉంటే గాలి లోపలికి వస్తోంది. 32 లేకుండా 18 ఎక్కువుంటే లీక్ కాదు, తేమ. రాత్రంతా పంప్ అవనివ్వండి. గాలే అయితే 40 మీద స్కాన్ పెట్టి, సన్నని గొట్టంతో ఆర్గాన్‌ను ఒక్కో జాయింట్ దగ్గర వదలండి. అది గాలికన్నా బరువు కాబట్టి కింది జాయింట్ నుంచి పైకి రండి. కాలమ్ మార్చాక మొదటి అనుమానం ట్రాన్స్‌ఫర్ లైన్ నట్ మీదే: ఓవెన్ నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారేసరికి గ్రాఫైట్-వెస్పెల్ ఫెర్రూల్ (గాలి చొరకుండా బిగించే రింగు) కుంచించుకుపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పావు తిప్పుకు మించకుండా బిగించండి. గేజ్ మామూలుకన్నా పదింతలు చూపిస్తుంటే మాత్రం ఫిలమెంట్ వెలిగించొద్దు, కాలిపోతుంది. ముందు వెంట్ వాల్వ్ మూసుందా, తలుపు ఓ-రింగ్ మీద వెంట్రుకో దూదిపోగో పడిందా చూసుకోండి.