తొట్టి ఖరీదు సరే, దాని కింద ఉన్న చెక్క ఖరీదెంత?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నై వడపళనిలో రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాం. అద్దె రూ.22,000, అడ్వాన్స్ లక్ష రూపాయలు ఇచ్చాం. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి రూ.85,000 వస్తాయి. మా పదేళ్ల బాబు చేపల తొట్టి కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. మూడడుగుల తొట్టి, ఫిల్టరు, లైటు, చేపలు అన్నీ కలిపి రూ.18,000 అవుతుందన్నారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందట. హాల్లో ఓనర్ చేయించిన టీవీ యూనిట్ మీద పెడదామని మావారు అంటున్నారు. పోయినేడాది రూ.64,000 పెట్టి కొన్న సోఫా, డైనింగ్ టేబుల్ అక్కడే ఉన్నాయి. నీళ్లు కారితే ఇవన్నీ పాడవుతాయని నా టెన్షన్. ఫర్నిచర్‌కు ఇన్సూరెన్స్ చేయించుకోవాలా? ఈఎంఐలో కొనొచ్చా?

జవాబు: మీవారితో ముందు ఒక లెక్క వేయించండి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అంటే 6.75 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున అంచుదాకా 191 లీటర్లు. పైన నాలుగు వేళ్లు ఖాళీ వదిలినా 160 లీటర్లు పడతాయి. లీటరు నీళ్లు కిలో. అద్దాల బరువు 30 కిలోలు, అడుగున పోసే గులకరాళ్లు 20 కిలోలు వేసుకోండి. మొత్తం 210 కిలోలు. ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కి, పగలూ రాత్రీ దిగకుండా కూర్చున్నట్టు. ఆ యూనిట్ చేయించింది పది, పదిహేను కిలోల టీవీ కోసం.

బరువుకు కుంగడం ఒక ఎత్తు, తడికి ఉబ్బడం ఇంకో ఎత్తు. అద్దె ఇళ్లలో టీవీ యూనిట్లు చాలావరకు పార్టికల్ బోర్డుతో, అంటే చెక్క పొట్టును జిగురుతో అదిమిన పలకతో చేసినవే. పైన లామినేట్ నిగనిగలాడుతుంది. అంచుకు అతికించిన పట్టీ సందులోంచి నాలుగు చుక్కలు లోపలికి దిగితే చాలు, టీలో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బుతుంది. తర్వాత ఎండబెట్టినా మామూలు రూపానికి రాదు.

ఇది నాకు సొంత అనుభవం. మా ఇంట్లో ఉన్నది 20 లీటర్ల చిన్న తొట్టి. గాలి పంపును సౌకర్యంగా ఉందని కింది అరలో పెట్టాను. ఒక రాత్రి కరెంటు పోయింది. పంపు ఆగగానే తొట్టిలో నీళ్లు ఆ సన్నటి ట్యూబు గుండా వెనక్కి, కిందికి కారాయి. తెల్లారేసరికి అర నిండా నీళ్లు, పిల్లల పుస్తకాలు ముద్దయ్యాయి. నెల తిరిగేలోపు కింది తలుపు బిగుసుకుపోయింది. వడ్రంగికి రూ.4,200 ఇచ్చుకున్నాను. ట్యూబు మధ్యలో నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చిన్న వాల్వ్ ఒకటి ఉంటుంది. దాని ధర రెండు కాఫీలంత కూడా ఉండదు. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టినా సరిపోయేది. ఊళ్లో వాళ్లందరికీ డబ్బు జాగ్రత్తలు చెప్పే మనిషిని, అది తెలియక నష్టపోయాను!

కాబట్టి బడ్జెట్ మార్చండి. రూ.18,000కు తోడు ఇనుప స్టాండుకు రూ.7,000, వాల్వ్, ఫోమ్ షీటు, మూత, పాత తువ్వాళ్లు లాంటి వాటికి రూ.1,500. మొత్తం రూ.26,500. స్టాండు చదరపు గొట్టాలతో వెల్డింగ్ చేసినదై ఉండాలి. పైన 19 ఎంఎం ప్లైవుడ్, దాని మీద ఐఎస్ 710 ముద్ర చూసుకోండి, అది నీళ్లను తట్టుకునే రకం. కోసిన అంచులకు మాత్రం పెయింటు వేయించడం మరవద్దు. ప్లైవుడ్ మీద సన్నటి ఫోమ్ షీటు వేసి తొట్టి పెట్టాలి. మీకు కొళత్తూరు ఎంతో దూరం కాదు. రంగు చేపల వ్యాపారానికి పేరున్న చోటు, ఒకరోజు వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగితే బేరం కుదురుతుంది. సెకండ్ హ్యాండ్ తొట్టి జోలికి మాత్రం వెళ్లొద్దు, అతుకుల దగ్గర సిలికాన్ ఎండిపోయి ఉండొచ్చు.

సోఫాకు, తొట్టికి మధ్య కనీసం మూడడుగులు ఉంచండి. ఎందుకంటే హాలు పాడయ్యేది తొట్టి పగిలి కాదు, వారం వారం నీళ్లు మార్చేటప్పుడు చిందే చెంబెడు నీళ్లతో, మోచేతి మీదుగా కారే చుక్కలతో. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కాలి. అప్పుడు వైరు మీదుగా జారిన చుక్క ప్లగ్గులోకి వెళ్లకుండా నేల మీద పడుతుంది.

ఇన్సూరెన్స్ సంగతి. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీని అద్దెకుండేవాళ్లు ఇంట్లో సామాన్ల వరకే తీసుకోవచ్చు. అగ్నిప్రమాదం, తుపాను, వరదతో పాటు నీళ్ల ట్యాంకులు, పైపులు పగిలి పొంగడం వల్ల జరిగే నష్టమూ అందులో ఉంది. మీ తొట్టిని ఆ మాటల కింద లెక్కేస్తారా అని కంపెనీకి మెయిల్ రాసి, జవాబు దాచుకోండి. రోజూ కొంచెం కొంచెం చెమ్మ ఎక్కి పాడైన చెక్కకు ఎవరూ పైసా ఇవ్వరు. గోడకు బిగించిన ఓనర్ యూనిట్ మీ సామాన్ల లెక్కలోకి రాదు. కింది ఫ్లాట్ సీలింగ్ తడిస్తే వాళ్లకు మీరు కట్టాల్సిందీ ఇందులో రాదు. 2015, 2023 డిసెంబర్ వరదలు చూసిన ఊళ్లో సామాన్ల పాలసీ ఉండటం మంచిదే. అది వానల కోసం తీసుకోండి, చేపల కోసం కాదు.

మీకు అసలు రిస్కు సోఫా కంటే ఆ లక్ష అడ్వాన్స్ మీదే. తమిళనాడు అద్దె చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ చేసిన నెలలోపు అడ్వాన్స్ తిరిగివ్వాలి, కానీ మీవల్ల జరిగిన నష్టం పట్టుకునే హక్కు ఓనర్‌కు ఉంది. టీవీ యూనిట్, దాని పక్క గోడ, నేల ఫొటోలు ఇప్పుడే తీసి, తొట్టి పెట్టుకుంటామని ఓ మాటతో ఓనర్‌కు వాట్సాప్ చేయండి. ఆయన సరేనన్న మెసేజ్ వచ్చాకే తొట్టి ఆర్డరు చేయండి.

ఈఎంఐ వద్దు. నో కాస్ట్ అన్నా లోపల వడ్డీ ఉంటుంది, దాన్ని డిస్కౌంట్‌గా చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, పైన ప్రాసెసింగ్ ఫీజు మీ జేబులోంచే. నెలకు రూ.9,000 చొప్పున మూడు నెలలు పక్కన పెడితే నగదుగానే కొనొచ్చు. ఏడాది ఆగిన బాబు మూడు నెలలు ఆగుతాడు.

కరెంటు భయం లేదు. 15 వాట్ల ఫిల్టరు రోజంతా, 20 వాట్ల లైటు ఎనిమిది గంటలు నడిస్తే రెండు నెలల బిల్లులో 31 యూనిట్లు. చెన్నై వేడికి హీటరు అక్కర్లేదు. ఏసీ వల్ల మీ వాడకం ఇప్పటికే 500 యూనిట్ల అంచున ఉంటే మాత్రం చూసుకోండి, అది దాటితే 500 లోపు యూనిట్లలో కొన్నింటి రేటు కూడా పెరుగుతుంది.

నన్నడిగితే రెండడుగుల తొట్టి చాలు. నీళ్లు, రాళ్లు అన్నీ కలిపి 70 కిలోల లోపే ఉంటుంది, స్టాండు ఖర్చూ తగ్గుతుంది. పెద్ద తొట్టిలో నీళ్లు నిలకడగా ఉంటాయని చేపలు పెంచేవాళ్లు వాదిస్తారు. నిజమే, కానీ వాళ్లెవరూ మీ అడ్వాన్స్‌కు హామీ ఇవ్వరు.

ఏది కొన్నా, చేపల్ని అదే రోజు తేవద్దు. స్టాండు మీద తొట్టి పెట్టి, కింద పాత పేపర్లు పరిచి, నీళ్లు నింపి రెండు రోజులు వదిలేయండి. పొద్దున్నే లేచి ఏ పేపరు మూల తడిసిందో చూసే పని బాబుకు అప్పగించండి.