జాడ శిలాజమా, అవశేష శిలాజమా?

సందేహం: ఒక సైన్స్ వ్యాసంలో ‘ట్రేస్ ఫాసిల్’ను, అంటే ప్రాణి ఒళ్ళు కాక దాని అడుగులు, బొరియల గుర్తులు రాతిలో నిలిచినదాన్ని, ‘అవశేష శిలాజం’ అన్నారు. ‘జాడ శిలాజం’ అందామంటే అది తెలుగు, సంస్కృతం పొసగని వైరి సమాసమని మా మాస్టారు అంటున్నారు. ఏది సరి? మహావినాశం తర్వాత జీవం ‘పునరుద్ధరణ’ అనవచ్చా?

సమాధానం: సమాసం గురించి టెన్షన్ అక్కర్లేదు. పాలసముద్రం అంటున్నాం కదా, ఇదీ అలా తెలుగు మాటా సంస్కృతం మాటా కలిసిన మిశ్ర సమాసమే. చిన్నయసూరి మిశ్రానికి విడిగా చోటిచ్చాడు.

‘అవశేషం’ మాత్రం తప్పుదారి పట్టిస్తుంది. అవశేషమంటే మిగిలినది. ఎముక, గవ్వ అవశేషాలు. పీత తవ్విన బొరియలో పీత ఒంటి ముక్క ఏదీ మిగలదు, అది చేసిన పని మిగులుతుంది. దానికి ‘జాడ’ కంటే మంచి మాట నాకు తోచదు. కన్నడంలోనూ ఇది ‘జాడు’గా ఉంది. అడుగు గుర్తు, ఆచూకీ, తీరు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ‘చొప్పు’ అనే పాత మాటకూ ఇదే అర్థం. ఇప్పుడది ‘పది రూపాయల చొప్పున’ అన్నచోట బతుకుతోంది.

జాడ చదవడమంటే ఏమిటో పోతన దశమస్కంధంలో చూడండి. కృష్ణుణ్ణి వెతికే గోపికలకు ఆయన కనపడడు, నేల కనపడుతుంది. ఇక్కడ మునివేళ్ళే ఆనాయి, కాబట్టి వెంట ఉన్న గోపిక కోసం పూలు కోశాడు. ఇక్కడ ఆమె అడుగులు లేవు, కాబట్టి ఎత్తుకొని నడిచాడు. ఇక్కడ కూర్చుని ఆమె కొప్పులో పూలు తురిమాడు. మనిషి లేకుండా పనిని మాత్రమే చూసి మనిషిని తెలుసుకోవడం! శిలాజాలు చదివేవాళ్ళు కూడా పాకిన జాడ, ఆగి కూర్చున్న జాడ, కాపురమున్న జాడ అని విడదీసి చూస్తారు.

25.2 కోట్ల ఏళ్ళ కిందట, పెర్మియన్ యుగం చివర, సముద్రజీవుల్లో నూటికి 80కి పైగా జాతులు పోయాయి. ఉత్తర ఇటలీ డోలమైట్ కొండల్లో, వెర్ఫెన్ రాతిపొరల్లో ఆ తర్వాతి కథ ఉంది. అడుగు పొరల్లో బురద చాలాచోట్ల కాగితాలు పేర్చినట్టు చెదరకుండా ఉంటుంది, కెలికేవాళ్ళు లేరు గనుక. ఉన్న కొద్ది బొరియలూ సన్నవి, పైపైన అడ్డంగా పోయేవి. పైకి వెళ్ళేకొద్దీ అవి లావెక్కుతాయి, లోతుకు దిగుతాయి, ‘యు’ ఆకారంలో వంగుతాయి. మెత్తని ఒంటి పురుగులకు ఎముక లేదు, గవ్వ లేదు. అవి తిరిగొచ్చిన సంగతి ఈ జాడలే చెప్పాలి.

ఇంత చక్కని వాటిని మన అనువాదకులు ‘రంధ్రాలు’ అని రాసి వదిలేస్తారు! ఎలుకకు కలుగు, పాముకు పుట్ట, పీతకు బొరియ ఉన్న భాష మనది. రంధ్రం ముక్కుకూ ఉంటుంది, వేణువుకూ ఉంటుంది. తవ్విన ప్రాణి అందులో కనిపించదు.

ఇక ‘పునరుద్ధరణ’. కరెంటు సరఫరాను ఎవరో ఒకరు పునరుద్ధరిస్తారు. జీవాన్ని ఎవరూ ఉద్ధరించలేదు, అదే కోలుకుంది. ‘తేరుకుంది’ అన్నా తప్పు పట్టను. కాని తేరడమంటే మడ్డి అడుగున దిగి నీరు తేటపడటం. ఇక్కడేమో బురద మళ్ళీ కలతపడటమే జీవానికి గుర్తు. అందుకని నా ఓటు ‘కోలుకోవడా’నికే. ‘జాడ శిలాజం’ బదులు ‘చిహ్న శిలాజం’ కావాలని భూవిజ్ఞానులు అంటే, అదీ అర్థానికి దూరం కాదు.