ముందు మాట, ఆ తర్వాతే ఫొటో

ప్రశ్న: ఎనిమిదో తరగతికి తెలుగు చెబుతున్నాను. 36 మంది పిల్లలు, ఉన్నది నా ఫోను ఒక్కటే. తిరుపతి గంగజాతర మీద డిజిటల్ కథలు (పిల్లలు తమ గొంతుతో చెప్పి బొమ్మలు జోడించే చిన్న వీడియోలు) చేయిస్తే పాట పెట్టిన ఫొటోల వరసలా వచ్చాయి. భాష ఏమీ కనబడలేదు. పొరపాటు ఎక్కడ?
– ఒక ఉపాధ్యాయురాలు, చంద్రగిరి

జవాబు: ఫొటోలతో మొదలుపెట్టి ఉంటారు. బొమ్మలు ముందే చేతికొస్తే ఏ పిల్లవాడైనా ‘ఇది గుడి, ఇది వేషం’ అని పేర్లు రాసి ఊరుకుంటాడు. 1990ల్లో అమెరికాలో జో లాంబర్ట్ బృందం ఈ డిజిటల్ కథల పద్ధతికి రూపు కట్టినప్పుడు కూడా అందరూ చుట్టూ కూర్చుని కథ చెప్పుకోవడమే ముందు, కంప్యూటర్ ఆ తర్వాతే.

ఆరుగురికో జట్టు కట్టండి. మొదటి పీరియడు ఫోను బీరువాలోనే ఉండాలి. ఒక్కొక్కరూ రెండు నిమిషాలు నోటితో చెప్పాలి. జాతరంతా వద్దు, కళ్లకు కట్టిన ఒక్క ముక్క చాలు. ‘జాతర బాగా జరిగింది’ అన్నవాణ్ణి ‘బైరాగి వేషానికి పూసుకున్న నామం సుద్ద ఆరినాక ఎట్లుండింది?’ అని అడగండి. ‘మొగం బిగుసుకుపోయింది మేడం, నవ్వితే పెళ్లలు రాలినాయి’ అంటాడు. జట్టు రాయాల్సింది దాన్నే.

రాత 120 మాటలు దాటనివ్వకండి, నిదానంగా చదివితే నిమిషంన్నర పడుతుంది. ఇంగ్లిషు పద్ధతిలో చెప్పే మాటల లెక్క మనకు సరిపోదు, ఇంగ్లిషులో కొన్ని మాటలు పట్టే ‘వెళ్లిపోతుండగా’ మనకు ఒక్క మాటే కదా! ‘రాలినాయి’ని ‘రాలిపోయాయి’ అని దిద్దకండి. అక్షరదోషాలు, వాక్యాల అతుకు దిద్దితే చాలు. పాఠ్యపుస్తకం భాష కావాలంటే మొదట్లో రెండు వాక్యాల పరిచయం ఆ భాషలో రాయించండి.

రికార్డింగు రెండుసార్లు చేయించండి. మొదటిది విన్నాక, ఊపిరి చాలని చోట పొడుగు వాక్యాన్ని పిల్లలే తెంచుకుంటారు. మీరు వెతుకుతున్న భాష ఇక్కడే దొరుకుతుంది. చివర్న ఆరేడు బొమ్మలు, గీసినవైతే మరీ మేలు. ఫోను అడ్డంగా పట్టాలి. మాటల కింద పాట వద్దే వద్దు. 20 మార్కుల్లో రాతకు 10, గొంతుకు 6, వీడియోకు 4 ఇస్తే హంగుల మోజు తగ్గుతుంది.

ప్రశ్న: రికార్డింగులో మాట మారుమోగుతోంది, మధ్యమధ్య ‘టప్’ మంటోంది.
– ఒక ఉపాధ్యాయుడు, పాకాల

జవాబు: ఖాళీ గదిలో గోడలు మాటను తిప్పికొడతాయి. పుస్తకాలు నిండిన గదిలోకి మారండి, లేదా ఫోను వెనకాల బెంచీకి దుప్పటి వేలాడదీయండి. ఫ్యాను ఆపండి. ఫోను నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. తిన్నగా ఎదురుగా ఉంటే ‘ప’, ‘భ’ల దగ్గర ఊపిరి మైకుకు కొట్టుకుని ఆ చప్పుడొస్తుంది. ఎయిర్‌ప్లేన్ మోడ్ మరవద్దు, మంచి టేకు మధ్యలోనే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.