ఎక్స్ఛేంజి చేతికి తీసుకుంటున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

సోమవారం నుంచి టెలిఫోన్ ఎక్స్ఛేంజి నీ చేతికి వస్తోందని, అది సీ-డాట్ సంస్థ రూపొందించిన మ్యాక్స్ రకమని మీ నాన్న చెప్పాడు. మాన్యువళ్లు అక్కడ బీరువా నిండా ఉంటాయి, కమాండ్లు వాటిలో చూసుకో. ఏ పని ఏ వరసలో చేయాలో, ఎక్కడ చెయ్యి ఆపుకోవాలో మాత్రం నేను రాస్తాను.

ఈ యంత్రంలో ముఖ్యమైనదంతా జంటగా ఉంటుంది. లైన్లు వచ్చి చేరే బేస్ మాడ్యూల్‌లోని ప్రాసెసరు, టైమ్ స్విచ్, బేస్ మాడ్యూళ్లను కలిపే సెంట్రల్ మాడ్యూల్‌లోని స్విచ్, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసరు, బిల్లింగు చూసే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ప్రాసెసరు అన్నీ రెండేసి ఉంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా నిలబడి ఉంటుంది. అందుకే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజి మొదటి ఫాల్టుకు పడిపోదు, రెండోదానికి పడిపోతుంది. మొదటిది వచ్చినప్పుడు ఎవరి ఫోనూ ఆగదు, ఫిర్యాదూ రాదు. అలారం ప్యానెల్ మీద ఒక దీపం వెలుగుతుంది, అంతే. ఫోన్లు పనిచేస్తున్నాయి కదా, రేపు చూద్దాం అనిపిస్తుంది. ఆ మాటే ప్రమాదం. 1965 మే 30న అమెరికాలో న్యూజెర్సీలోని సకసన్నాలో మొదలైన 1ఈఎస్ఎస్ అనే ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిని తయారు చేసినవాళ్లు 40 ఏళ్లలో మొత్తం మీద 2 గంటలకు మించి ఆగకూడదని లక్ష్యం పెట్టుకున్నారు. పోయిన సగాన్ని వెంటనే బాగుచేస్తేనే అలాంటి లెక్క నిలుస్తుంది.

కాబట్టి షిఫ్టుకు రాగానే కుర్చీలో కూర్చోకముందే అలారం ప్యానెల్ చూడు. తర్వాత టెర్మినల్ మీద మొత్తం యూనిట్ల స్థితి తీయించి, సర్వీసులో లేని ప్రతి యూనిట్‌నీ నిన్నటి లాగ్‌బుక్‌తో పోల్చు. ఒక యూనిట్ ఆపరేటర్ ఆపినందువల్ల ఆగిందా, సిస్టమే పక్కన పెట్టిందా అన్నది ఆ స్థితి జాబితాలో తెలుస్తుంది. ఆపరేటర్ ఆపింది అయితే ఎవరు ఆపారో, ఎందుకో లాగ్‌బుక్‌లో ఉండి తీరాలి. లేకపోతే అడుగు. పరీక్ష కోసం ఆపి తిరిగి పెట్టడం మరిచిన యూనిట్లు నెలల తరబడి అలాగే ఉండిపోతాయి. అలారం మోత విసుగు పుట్టిస్తోందని శబ్దం ఆపేసే అలవాటు ఎవరికైనా ఉంటే మొదటి వారంలోనే మాన్పించు.

ఫిర్యాదులు గుంపుగా వచ్చినప్పుడు ముందు లెక్కపెట్టు. ఒక లైన్ కార్డు మీద 8 పోర్టులు, నాలుగు కార్డులు ఒక టెర్మినల్ గ్రూపు, అంటే 32. నాలుగు గ్రూపులు ఒక టెర్మినల్ యూనిట్, అంటే 128. అలాంటివి నాలుగు కలిస్తే బేస్ మాడ్యూల్‌కు 512. బయట కేబుల్ లెక్క వేరు, అది పదులలో నడుస్తుంది. కేబుల్ తీగలు బిగించే క్రోన్ మాడ్యూల్‌కు 10 జతలు, ఇళ్లకు తీగలు చీలే డీపీకి (డిస్ట్రిబ్యూషన్ పాయింట్) 10, పెద్ద కేబుల్ వందల్లో ఉంటుంది. చచ్చిన లైన్లు 8, 32, 128గా కనిపిస్తే తప్పు లోపల ఉంది. 10, 20, 100గా కనిపిస్తే తప్పు రోడ్డు మీద ఉంది. డైరెక్టరీ నంబర్లను బట్టి కాకుండా పోర్టు నంబర్లను బట్టి లెక్కపెట్టు, ఎందుకంటే వరస నంబర్లు వరస పోర్టుల మీద ఉండాలని లేదు. ఈ ఐదు నిమిషాల లెక్క లైన్‌మన్‌ను వర్షంలో అనవసరంగా తిప్పకుండా కాపాడుతుంది.

ఒక్క లైనే అయితే, బయటి కేబుళ్లు లోపలి పోర్టులతో కలిసే చట్రం, అంటే ఎమ్‌డీఎఫ్ దగ్గర తేల్చు. క్రోన్‌లో టెస్ట్ కార్డు పెట్టి లైను వైపును, ఎక్స్ఛేంజి వైపును విడదీయి. ఎక్స్ఛేంజి వైపు ఫోన్ తగిలించి డయల్ టోన్ వింటే లోపల బాగున్నట్టే. ఇక బయటివైపు చూడాలి. అక్కడ వరస తప్పొద్దు. మొదట వోల్టేజి కొలవాలి, ఎందుకంటే ఏ కరెంటు తీగో, పక్క లైను బ్యాటరీయో తగిలి ఉండొచ్చు. అది లేదని తేలాకే జతలోని ఎ, బి తీగల మధ్య, ఎ-ఎర్త్ మధ్య, బి-ఎర్త్ మధ్య ఇన్సులేషన్ చూడు. ఎక్స్ఛేంజి వైపు విడదీయకుండా ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ తిప్పితే లైన్ కార్డు మాడుతుంది, ఒక ఫాల్టు వెతకబోయి 8 ఫాల్టులు తెచ్చుకుంటావు. షార్ట్ అని తేలితే లూప్ రెసిస్టెన్స్ కొలువు. 0.5 మిల్లీమీటర్ల రాగి తీగ జత కిలోమీటరుకు రమారమి 170 ఓములు చూపుతుంది. 340 వచ్చిందంటే తప్పు రెండు కిలోమీటర్ల చుట్టుపక్కల ఉందన్నమాట. ఆ దూరంలో ఏ పిల్లర్ (రోడ్డు పక్క కేబుల్ పెట్టె) ఉందో, ఏ జాయింట్ ఉందో కేబుల్ ప్లాన్‌లో చూసి చెబితే లైన్‌మన్ నేరుగా అక్కడికే వెళ్తాడు.

మీది గోదావరి నేల, నీళ్లు పైపైనే ఉంటాయి. ఒక జాయింట్‌లోకి నీరు దిగితే వందల లైన్లు ఒక్కసారి పీజీలోకి పోతాయి, అంటే రిసీవర్ ఎత్తకుండానే ఎత్తినట్టు ఎక్స్ఛేంజికి కనిపిస్తాయి. సిస్టమ్ ఒక్కో లైనుకూ టోన్ ఇచ్చి, కాసేపు చూసి పక్కన పెడుతుంది. తడి పెరిగేకొద్దీ అవి పడుతూ లేస్తూ ప్రాసెసరును సతాయిస్తాయి. ఆ కేబుల్ జతలను ఎమ్‌డీఎఫ్ దగ్గర విడదీసి పెట్టి, జాయింట్ బాగయ్యాక తిరిగి కలుపు. విడదీసిన జతల జాబితా కాగితం మీద రాసి ఎమ్‌డీఎఫ్‌కే తగిలించు.

కార్డు మార్చడం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. లైన్ కార్డుకు జోడీ ఉండదు. అది తీస్తే ఆ 8 మందికే ఆగుతుంది, అదీ చూసుకుని తీయి. జోడీ ఉన్న యూనిట్‌లో కార్డు అయితే ముందు నిలబడి ఉన్న కాపీ నిజంగా ఆరోగ్యంగా ఉందో లేదో పరీక్ష చేయించు. ఉందని జవాబొస్తే పనిని దానికి మార్పించు. పావుగంట ఆగి, కాల్స్ మామూలుగా నడుస్తున్నాయని చూసుకో. ఆ తర్వాతే పాడైనదాన్ని కమాండుతో సర్వీసు నుంచి తప్పించి చెయ్యి పెట్టు. తీయబోయే ముందు ర్యాక్, ఫ్రేమ్, స్లాట్, కాపీ సున్నానా ఒకటా అన్నది బిగ్గరగా చదువు, పక్కన ఇంకొకరు ఉంటే స్క్రీన్ మీద సరిచూడమను. పాడైన కాపీకి బదులు నడుస్తున్న కాపీని లాగేస్తే జోడీ ఉన్న ప్రయోజనమే పోతుంది. రద్దీ ఉండదు కాబట్టి ఇలాంటి పని రాత్రి ఒంటిగంట దాటాక పెట్టుకో. ఉదయం పది, పదకొండు మధ్య అసలు వద్దు.

మణికట్టుకు ఎర్త్ పట్టీ లేకుండా కార్డు ముట్టుకోకు. ఏసీ గదిలో గాలి పొడిబారి మన ఒంటి మీద చేరే విద్యుత్తు మనకు తెలియదు, చిప్‌కు తెలుస్తుంది. అది వెంటనే చావకుండా సగం దెబ్బ తిని, రెండు నెలల తర్వాత ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో తెలియని కార్డు అవుతుంది. అంచులు పట్టుకుని, గైడ్‌లో నిలువుగా పెట్టి, మెల్లగా తొయ్యి. అడ్డం తగిలితే బలం చూపించకు, బయటికి తీసి టార్చ్ వేసి వెనక మదర్‌బోర్డు పిన్నులు చూడు. ఒక పిన్ను వంగి పక్కదానికి తగిలిందంటే ఎన్ని కొత్త కార్డులు పెట్టినా అన్నీ పాడైనట్టే కనిపిస్తాయి. తీసి మళ్లీ పెట్టగానే బాగైపోయిన కార్డును నమ్మొద్దు. దాని సీరియల్ నంబరు రాసి పెట్టు. అదే కార్డు రెండోసారి ఆ పని చేస్తే రిపేరుకు పంపు.

ట్రంకుల, అంటే ఎక్స్ఛేంజిల మధ్య లైన్ల సంగతి త్వరగా చెబుతాను. వాటిని మోసే 2 మెగాబిట్ల డిజిటల్ లింకు, అంటే పీసీఎం, పోతే అలారం ఏ రకమో చదువు. సిగ్నలే లేదంటే మన రిసీవ్ వైపు తీగో, కనెక్టరో ఊడింది. అన్నీ ఒకట్లే వస్తున్నాయంటే మధ్యలో ట్రాన్స్‌మిషన్ పరికరానికి దాని వెనక నుంచి సిగ్నల్ అందడం లేదు. దూరపు అలారం మాత్రమే వస్తే మనం పంపేది అవతలికి చేరడం లేదు. పీసీఎం తీగలు కలిసే డీడీఎఫ్ దగ్గర, మనం పంపేది మనకే తిరిగొచ్చేలా లూప్ వేసి చూడు. అలారం పోతే ఎక్స్ఛేంజి శుభ్రం, ట్రాన్స్‌మిషన్ వాళ్లను పిలువు. పని అయ్యాక లూప్ తీయడం మరచిపోకు. లింకు నిలబడే ఉన్నా మాటల్లో టిక్కు టిక్కుమని వినిపించి, ఫ్యాక్సులు తెగుతుంటే రెండు ఎక్స్ఛేంజిల వేగం కలవక బిట్లు జారడాన్ని లెక్కపెట్టే స్లిప్ కౌంటర్ చూడు, పెద్ద ఎక్స్ఛేంజి నుంచి రావలసిన క్లాక్ అందుతోందో లేదో కనుక్కో.

ఇక పవర్. ఎక్స్ఛేంజి ప్రాణం స్విచ్ గదిలో లేదు, బ్యాటరీ గదిలో ఉంది. 1991 సెప్టెంబరు 17న న్యూయార్క్‌లోని థామస్ స్ట్రీట్ ఏటీ అండ్ టీ కేంద్రంలో సొంత జనరేటర్లకు మారినప్పుడు, కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చే రెక్టిఫయర్లు ఆగిపోయాయి. బ్యాటరీల మీద గంటల తరబడి నడుస్తున్నా ఆ అలారాలు ఎవరూ చూడలేదు. సిబ్బందిలో కొందరు ఆ రోజు అలారం వ్యవస్థ మీద శిక్షణ తరగతిలో ఉన్నారు. బ్యాటరీలు ఖాళీ అయ్యాక స్విచ్‌లు పడిపోయాయి, విమానాశ్రయాల రాకపోకలూ ఆగాయి. పెద్ద కేంద్రంలోనైనా తప్పు ఇంత చిన్నదే.

నీ దగ్గర 24 సెల్స్ ఉంటాయి, సీల్డ్ రకం అయితే సెల్‌కు 2.25 చొప్పున ఫ్లోట్, అంటే బ్యాటరీని ఎప్పుడూ నిండుగా ఉంచే వోల్టేజి, 54 వోల్టులు. చార్జింగ్‌లో 55.2 దాకా పోతుంది. ప్లస్ వైపు ఎర్త్ చేసి ఉంటుంది, తడిలో రాగి తీగ తుప్పు తిని పోకుండా. వోల్టేజి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఎక్స్ఛేంజి ర్యాక్ దగ్గర ఒకసారి కొలువు. తేడా పెరుగుతూ వస్తే ఎక్కడో బోల్టు వదులైంది, చెయ్యి దగ్గరికి తీసుకెళ్తే వేడి తెలుస్తుంది. ఫ్లోట్ మీద అన్ని సెల్స్ మంచివిగానే కనిపిస్తాయి. అందుకే నెలకోసారి రెక్టిఫయర్ ఆపి, అరగంట బ్యాటరీ మీద నడిపి, సెల్ సెల్‌కూ వోల్టేజి రాయి. మిగతావాటికంటే త్వరగా దిగేది ఒకటో రెండో ఉంటాయి, ఆ ఒక్కటే మొత్తం వరసను ముంచుతుంది. ఇది చేసే ముందు ఇంజిన్ స్టార్ట్ అవుతుందో చూసుకో. ఇంజిన్‌ను ఊరికే తిప్పొద్దు, ఎక్స్ఛేంజి లోడు మీద అరగంట నడుపు. బ్యాటరీ గదికి 27 డిగ్రీలు మంచిది. ప్రతి పది డిగ్రీల పెరుగుదలకూ సెల్ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది, కాబట్టి ఏసీ స్విచ్ గదికి ఉండి బ్యాటరీ గదికి లేకపోతే అడిగి పెట్టించు. ఎర్త్ రెసిస్టెన్స్ ఒక ఓము దాటకూడదు. ఎండాకాలం చివర, నేల బాగా ఎండినప్పుడు కొలిస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

బ్యాకప్ సంగతి. కొత్త కనెక్షన్లు, రూటింగు, దేనిలో మార్పు చేసినా ఆ రోజే టేపు మీదికి తీయి. మూడు టేపులు వంతులవారీగా వాడు, నిన్నటి మంచి టేపు మీదే ఇవాళ్టిది రాయకు. రాస్తుండగా డిస్కు పోతే రెండూ పోతాయి. బిల్లింగు డేటాకు రెండు కాపీలు తీసి, ఒకటి వేరే భవనంలో పెట్టించు. టేపు రాసింది అన్నంత మాత్రాన చదువుతుందని కాదు. తీసిన ప్రతిసారీ దాని జాబితా వెనక్కి చదివించి చూసి, తేదీ, సంతకం వేయి. టేపు డ్రైవు హెడ్డు వారానికోసారి తుడవాలి.

సోమవారం చార్జి తీసుకునేటప్పుడు సంతకం పెట్టే ముందు ఆ టేపులు, స్పేర్ కార్డుల పెట్టె తెరిపించి చూడు. అల్మారాలో స్పేర్ అని రాసున్న కార్డుల్లో సగం ఎప్పుడో పాడై రిపేరుకు పంపకుండా పెట్టినవి ఉండొచ్చు. ఒక్కొక్కటీ ఏదైనా రాత్రి స్లాట్‌లో పెట్టి పరీక్షించి, బాగున్నవాటికి తేదీ చీటీ అంటించు. మిగతావి ఆ వారమే పంపించెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న